వార్తావిద్యను నేర్పువారు

మన గుంతకల్లులో కుళాయికి నీరు రాని దినములు కలవు గాని, ఇంటికి వార్త రాని దినము లేదు. తెల్లవారకముందే దినపత్రిక వాకిట పడును. వంటయింటిలో రేడియో పలుకును. నడుమయింటిలో టెలివిజను పలుకును. ఇవి చాలవన్నట్లు, చేతిలోని ఫోనులో గంటకు పది సందేశములు వచ్చి పడును. పాలు తెచ్చినవానిని “నీళ్లు కలిపితివా?” యని నిలువదీయు గృహిణి, ఈ వార్తలు తెచ్చినవారిని మాత్రము ఏమియు నడుగదు. వీరెవరు? ఏమి చదివిరి? వీరికి ఈ విద్యను నేర్పినవారెవరు? అను ప్రశ్నలు మన మనస్సునకే తోపవు.

ఈ ప్రశ్నలు వేసికొనుటకు మఱియొక కారణమును గలదు. బి.ఏ. పరీక్ష ముగించిన బాలికలు కొందఱు “నేను జర్నలిజము చదివెదను” అని యిండ్లలో చెప్పుచున్నారు. తల్లులు వెనుదీయుచున్నారు. ఉపాధ్యాయినికి కావలసిన చదువెట్టిదో వారికి తెలియును. నర్సు చదువెట్టిదో తెలియును. ఈ చదువు మాత్రము తెలియదు. పత్రికలో వ్రాయుటకు తెలుగు వచ్చిన చాలదా, దానికి విశ్వవిద్యాలయమేల, ఆచార్యులేల యని కొందఱి సందేహము. ఈ విద్యను నేర్పు శాఖలలో నెట్టి యాచార్యులుందురో, వారిలో ఒక్కొక్కరి నేర్పు ఏ విషయమున నుండునో తెలిసికొన్నచో ఆ సందేహము తీరును. కుమార్తెను పంపుటయో మానుటయో తరువాత నిశ్చయించుకొనవచ్చును.

గుంతకల్లు గేటుకడ జరిగిన సంగతి

ఈ విద్య మనకు పరాయిది గాదు. దీని విలువను తెలుపు కథ యొకటి మన యూరిలోనే జరిగినది. 1893 సంవత్సరము అక్టోబరు 4వ తేదీన గుంతకల్లు రైల్వేస్టేషనుకు చేరువను తెల్లసోల్జర్లు కొందఱు ఇద్దఱు స్త్రీల వెంటబడిరి. ఆ యబలలు పరుగెత్తి రైల్వేగేటు కాపరియైన హంపన్న శరణు జొచ్చిరి. హంపన్న వారిని లోపలనుంచి, తాను వాకిట నడ్డముగ నిలిచెను. సోల్జరొకడు తుపాకి పేల్చెను. ఆ గాయముతో హంపన్న మరణించెను. అతడు ధనవంతుడు గాడు, విద్యావంతుడు గాడు. అతని జీతమెంతయో, అతని యిల్లెట్టిదో లోకమునకు పట్టదు. అట్టివాని మరణము ఆ కాలమున సామాన్యముగా రెండుదినముల ముచ్చటయై మాసిపోవలసినదే.

అట్లు మాసిపోలేదు. సమీపమున గుత్తిలో వకీలుగానుండిన శ్రీ పట్టు కేశవపిళ్ళగారు మద్రాసు “హిందూ” పత్రికకు విలేఖరిగా నుండిరి. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు వెళ్లినవారిలో వీరును ఒకరు. ఈ సంగతిని వీరు పత్రికకెక్కించి, న్యాయముకొఱకు పట్టు విడువక పోరాడిరి. మద్రాసు హైకోర్టు విచారణలో సోల్జరుకు శిక్ష పడలేదు. అయినను పదిమందికి తెలిసిన యన్యాయము దాగలేదు. జనులు చందాలు వేసికొని హంపన్న పేర స్మారకశిలను నిలిపిరి. ఆ పేరు నూఱేండ్లు దాటినను మన నోట నున్నదన్నచో, అది వాకిట నిలిచిన కాపరి చలువయు, ఆ సంగతిని వ్రాసిన విలేఖరి చలువయు.

ఇపుడు విచారింపుడు. కేశవపిళ్ళగారు చేసిన పనిలో నెన్ని విద్యలు గలవు! జరిగినదేమో తెలిసికొనుట యొకటి. విన్నదానిలో నిజమును తూచుట యొకటి. చట్టమేమి చెప్పునో యెఱుగుట యొకటి. అధికారులకు కోపము వచ్చునని తెలిసియు, తప్పులేని మాటలలో వ్రాయుట యొకటి. ఆయనకు న్యాయశాస్త్రము వచ్చును. తక్కినవి అనుభవమున నలవడినవి. అందఱికిని అట్టి యనుభవము దొరకదు. అందుచేతనే యీ విద్యలను విడివిడిగా నేర్పు గురువులు కావలసివచ్చిరి.

ఈ చదువు పుట్టి పెరిగిన విధము

మనదేశమున పత్రికారచనను తరగతిలో నేర్పవలయునని తలంచిన తొలివారిలో నొక స్త్రీ గలరు. 1920వ సంవత్సరమున అనీబిసెంటమ్మగారు అడయారులో తాము నడుపు జాతీయ విశ్వవిద్యాలయమున ఈ పాఠములను చెప్పించిరి. తరువాత 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఆచార్య పి. పి. సింగుగారి నాయకత్వమున ఒక శాఖ యేర్పడెను. దేశము విభజింపబడిన పిమ్మట ఆ శాఖ ఢిల్లీకిని, అటుపిమ్మట చండీగఢుకును తరలెను. మద్రాసు విశ్వవిద్యాలయము 1947లో ఈ చదువును ప్రారంభించెను.

తెలుగువారి నడుమ మొదటి దీపము ఉస్మానియాలో వెలిగినది. 1954లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము జర్నలిజము శాఖను నెలకొల్పినది. అమెరికా దేశమున ఈ విద్యాచరిత్రను వ్రాసిన డి ఫారెస్టు ఓడెల్ గారు ప్రారంభదశలో ఈ శాఖను తీర్చిన యాచార్యులు. పిమ్మట ఈ శాఖలో బోధించిన ఆచార్య ఎస్. బషీరుద్దీనుగారు సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియై, కతారు దేశమున భారత రాయబారిగాను పనిచేసిరి. వార్తావిద్య నెఱిగినవారు వార్తాపత్రికకే కట్టువడియుండనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

1965లో ఢిల్లీలో భారత జనసమాచార విద్యాసంస్థ వెలసెను. అప్పటికి “పత్రికారచన” అను పేరు చాలకపోయెను. రేడియో వచ్చినది, చలనచిత్రము వచ్చినది, టెలివిజను తలుపు తట్టుచుండెను. కావున “సమాచార ప్రసార శాస్త్రము” అను పెద్దపేరు క్రమముగా వాడుకకు వచ్చెను. 1983లో తిరుపతియందు స్త్రీలకొఱకే స్థాపింపబడిన శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును ఈ శాఖ యేర్పడినది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము ఈ విద్యను తెలుగు భాషలోనే చెప్పినది. హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమున సరోజినీదేవి నాయుడుగారి పేర వెలసిన కళాసంస్థలో నాట్యమునకు, చిత్రలేఖనమునకు ప్రక్కనే ఈ శాఖకును చోటు కల్పింపబడినది.

ఒక్కొక్క గురువునకు ఒక్కొక్క విద్య

పెండ్లివంటకు నలుగురు వంటవారు వత్తురు. ఒకరి చేయి పాకమునకు ప్రసిద్ధి. ఒకరి చేయి పులుసునకు ప్రసిద్ధి. ఇంకొకరు వేయిమందికి బియ్యమెంతయో కంటితో చూచి చెప్పగలరు. సమాచారశాఖ యాచార్యులును అట్టివారే. అందఱిని “జర్నలిజము మాస్టర్లు” అని యొక్క పేరున పిలిచినను, వారి నేర్పులు వేఱువేఱు.

మొదటివారు వార్తారచనను నేర్పువారు. వీరిలో పెక్కుమంది పూర్వము పత్రికాకార్యాలయములలో పనిచేసి వచ్చినవారుందురు. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లు అను ఆఱు ప్రశ్నలు వీరి యోనమాలు. “కరవుచే జనులు విలవిలలాడుచున్నారు” అని విద్యార్థిని వ్రాసికొనిపోయినచో వీరు దానిని కొట్టివేయుదురు. “ఏ యూరిలో? ఎన్ని బావులు ఎండినవి? బిందెడు నీటికి ఎంతదూరము నడచుచున్నారు? నీవు చూచితివా, ఎవరైన చెప్పిరా?” అని యడుగుదురు. కన్నీటి మాటలు పది వ్రాయుట సులభము. కొలిచిన మాట యొకటి వ్రాయుట కష్టము. కలెక్టరు కచేరీని కదిలించునది రెండవదియే.

రెండవవారు చట్టమును, నీతిని బోధించువారు. వాక్స్వాతంత్ర్యమెంతవఱకు, పరువునష్టమెప్పుడు, న్యాయస్థానమునందున్న విషయమునుగూర్చి యేమి వ్రాయరాదు అనునవి వీరి పాఠములు. స్త్రీలమగు మనకు వీరి పాఠములలో ముఖ్యమైనది యొకటి కలదు. మానభంగమునకు గురియైన స్త్రీ పేరునుగాని, ఆమెను గుర్తింపజేయు వివరములనుగాని ప్రకటించుట నేరము. 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన ఈ నియమమును 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 72వ సెక్షనుగా నిలిపినది. పత్రికవారికేగాక, ఫోనులో ఒకరిది మఱియొకరికి పంపు సామాన్యులకును ఇది వర్తించును. “ఫలానావారి యమ్మాయియట” అని చిత్రముతోసహా పంపినవారు అయ్యో యను జాలిచేతనే పంపియుండవచ్చును. చట్టమునకు ఆ జాలితో పనిలేదు. ఈ యొక్క పాఠము ప్రతి యింటికిని చేరినచో ఎందఱు బాలికల బ్రతుకులు నిలుచునో!

మూడవవారు చెవికొఱకు వ్రాయుటను నేర్పువారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన నాటినుండి తెలుగు స్త్రీలు చేతిపని మానకయే వినగల విద్యాసాధనము రేడియో. పత్రికలోని వాక్యము అర్థము గాకున్న మరల చదువవచ్చును. రేడియోలోని వాక్యము ఎగిరిపోయిన పిట్ట. కావున చిన్నవాక్యములు, తెలిసిన మాటలు, ఒక్క వాక్యమున నొక్క సంగతి, గుర్తుండునట్టి లెక్కలు – ఇవి ఆ విద్యకు మూలసూత్రములు. పిల్లలకు కథలు చెప్పి నిద్రబుచ్చు తల్లులకు ఈ రహస్యము పుట్టుకతోనే తెలియును. దానినే శాస్త్రముగా కూర్చి చెప్పుట ఆచార్యుల పని.

నాలుగవవారు గ్రామాభివృద్ధికి సమాచారము ఎట్లు తోడ్పడునో పరిశోధించువారు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వఱకు అమెరికావారి యుపగ్రహ సాయముతో మనదేశమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేయబడినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును ఒకటి. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము, బాలవిద్య అందలి విషయములు. యంత్రమును పెట్టినంతమాత్రమున ఊరు బాగుపడునా? చూచినవారెవరు? ఆడువారు కూర్చుండుటకు చోటుండెనా? చూచినది చేయుటకు చేతిలో డబ్బుండెనా? ఇట్టివి ఆ శాస్త్రజ్ఞుల ప్రశ్నలు. మనబోటి కరవుసీమకు ఈ ప్రశ్నలే ప్రాణము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగను నమ్ముకొన్న యనంతపురము జిల్లాలో, విత్తనము వేయవలసిన దినమునుగూర్చిన మాట రెండుదినములు ఆలస్యమైనను, పంటభీమా గడువు తెలియకపోయినను, నష్టము మాటలలో గాదు, గాదెలో కనబడును.

ఐదవవారు ప్రజలే తమ రేడియోను తాము నడుపుకొను పద్ధతిని శాస్త్రముగా నిలిపినవారు. హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమున ఆచార్యులుగా పేరొందిన వినోద్ పావురాలగారు, ఆచార్యాణి కాంచన్ మాలిక్ గారు ఈ విషయమున ప్రమాణమనదగినవారు. సామాజిక రేడియోకొఱకు దేశమున జరిగిన పోరాటమునుగూర్చి వీరిరువురు కలసి వ్రాసిన గ్రంథము 2007లో వెలువడెను. 2011లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థయైన యునెస్కో తన పేర సామాజిక మాధ్యమ పీఠమును ఆ విశ్వవిద్యాలయమున నెలకొల్పినది.

ఆఱవవారు ఆరోగ్యవిషయములను జనులకర్థమగునట్లు చెప్పుటలో నిపుణులు. ఆచార్యాణి ఉషా రామన్ గారు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో సమాచార విభాగమును నిర్వహించి, తరువాత విశ్వవిద్యాలయమునకు వచ్చి బోధించిరి; ఉపాధ్యాయులకొఱకు వెలువడు పత్రికకు సంపాదకురాలుగా నుండిరి; మాధ్యమములకు వ్రాయు పద్ధతినిగూర్చి పాఠ్యగ్రంథమును రచించిరి. కంటిలో పొర యని వైద్యుడు చెప్పినపుడు వృద్ధురాలికి కలుగు భయము వేఱు, ఆ పొరను తొలగింపవచ్చునని ఆమెకు తెలియునట్లు చెప్పినపుడు కలుగు ధైర్యము వేఱు. ఈ రెంటికి నడుమ నున్న వంతెనయే వీరి శాస్త్రము.

ఏడవవారు పత్రికలును టెలివిజనులును ఎవరి సొమ్మో, ఆ సొమ్ము వార్తనెట్లు వంచునో విచారించువారు. ఉస్మానియా శాఖలో బోధించిన ఆచార్యాణి పద్మజా షా గారు తెలుగు టెలివిజనును, దాని వెనుకనున్న రాజకీయములను గూర్చి నిర్భయముగ వ్రాసినవారు. అంగడివాని తూకము మీద మనకొక కన్నుండును గదా! వార్తను తూచు త్రాసును ఎవరు పట్టుకొనిరో చూడుమని చెప్పువారు వీరు.

ఎనిమిదవవారు పరిశోధనాపద్ధతిని, సత్యనిర్ణయమును నేర్పువారు. “నూటికి ఎనుబదిమంది ఇట్లు తలంచుచున్నారు” అని వ్రాసినచో, ఎందఱినడిగిరి, ఎవరినడిగిరి, ఎట్లడిగిరి యని వీరు ప్రశ్నింతురు. ఏనాటిదో ఎక్కడిదో యైన చిత్రమును నేడు మన యూరిలో జరిగినట్లు పంపినచో, దాని పుట్టుక కనుగొను మార్గమును చూపుదురు. యంత్రమే మనుష్యుని ముఖమును కంఠమును కల్పించి మాటలాడించు ఈ దినములలో వీరి పాఠము విశ్వవిద్యాలయపు గోడలలోపలనే యుండరాదు.

స్త్రీ మాటకు చోటెక్కడ?

గురువుల నేర్పునకు పరీక్ష వారి గ్రంథములలో నున్నదా, వారి విద్య చేరిన చోటులలో నున్నదా? నేను రెండవ పక్షము దానను. అందుకొక నిదర్శనమును చెప్పెదను.

జహీరాబాదు ప్రాంతము మన సీమవలెనే వానకు ముఖము వాచిన మెట్టనేల. అచ్చట దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ నీడను దళితస్త్రీలు సంఘములుగా నేర్పడి జొన్న, కొఱ్ఱ, కంది మొదలగు పంటలను, విత్తనములను కాపాడుకొనుచుండిరి. తమ మాట తామే వినుటకు రేడియో కావలెనని వారు కోరిరి. ఆ కాలమున రేడియో సర్కారు సొత్తు. ఆకాశతరంగములు ప్రజల యాస్తియని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినను, గ్రామస్త్రీలకు అనుమతి వెంటనే దొరకలేదు. వారు తమ పాటలను, పంటల ముచ్చటలను టేపులలో పట్టి, సంఘసమావేశములలో వినిపించుకొనుచు ఏండ్లతరబడి వేచియుండిరి. 2000 సంవత్సరమున ఆ ప్రాంతపు పస్తాపురములో పండితులును, రేడియో నిపుణులును కూడి సామాజిక రేడియోను కోరుచు ఒక ప్రకటన చేసిరి. 2006లో ప్రభుత్వము స్వచ్ఛందసంస్థలకును రేడియో నడుపు హక్కు నొసంగెను. 2008 అక్టోబరు 15వ తేదీన మాచనూరులో “సంఘం రేడియో” పలికెను. దానిని నడిపినవారు నరసమ్మ యను పేరుగల యిద్దఱు దళితయువతులు. జనరల్ నరసమ్మ యనియు, ఆల్గోలు నరసమ్మ యనియు వారికి వ్యవహారము.

ఆ యువతుల మాట అచ్చమైన పల్లెమాట. పట్టణపు టెలివిజనులో ఆ మాట హాస్యగాండ్ర నోట మాత్రమే వినబడుచుండెను. తమ రేడియోలో అది పంటశాస్త్రమును, మందులను, పండుగలను చెప్పు గంభీరమైన భాషయయ్యెను. విశ్వవిద్యాలయాచార్యుల పుస్తకములలో చేరిన సిద్ధాంతమునకు మాచనూరు స్త్రీలు మూలము. మాచనూరు స్త్రీలు కోరిన హక్కునకు ఆచార్యుల వాదము బలము. గురువులు పల్లెకు పోయి నేర్చుకొన్న చోటనే వారి విద్య ఫలించినది.

ఇంకను రెండు చిన్న నిదర్శనములు. 1991-92 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు, తమ వాచకములో సారాదుకాణమును మూయించిన స్త్రీల కథ యొకటి చదివిరి. చదివి యూరకుండలేదు, తమ యూరి దుకాణమును మూయించిరి. ఆ వార్త పత్రికల కెక్కి జిల్లాలు దాటెను. రోశమ్మగారి పేరు ఇంటింట వినబడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. ఒక చిన్న పాఠము, దానిని లోకమునకు చెప్పిన వార్త – ఈ రెండును కలసి చేసిన పని యిది. చిత్తూరు జిల్లాలో 2001లో “నవోదయం” అను పత్రికను పల్లెస్త్రీలే విలేఖరులై వ్రాసి నడపిరి. చేనిలో పనిచేసిన చేతులే కలము పట్టినపుడు, “ఆడువారి పేజీ” యనగా వంటలు, అలంకారములు మాత్రమే గాదని తేలినది.

మన జిల్లా మాటకు వత్తము. కరవునుగూర్చిన వార్తలు ఏటేట చదువుచున్నాము. అందు ఎన్ని ఎకరముల పైరు ఎండినదో యుండును. ఎన్ని కోట్లు నష్టమో యుండును. మంత్రిగారు ఏమనిరో యుండును. నీటికొఱకు బడి మానిన బాలిక యుండదు. భర్త బెంగుళూరికి వలసపోగా, ముసలివారిని పసివారిని పశువులను ఒంటిచేత సాకు ఇల్లాలి మాట యుండదు. విలేఖరి ఊరికి వచ్చినపుడు రచ్చకట్టమీది పురుషులనడిగి వెడలిపోవును. ఇది దురుద్దేశము గాదు; ఆడువారినడుగవలెనని తోపకపోవుట. ఆ తోపకపోవుటను మాన్పుటకు ఉపాయములు రెండు: గురువులు ఆ సంగతిని పాఠముగా చెప్పుట, మన బాలికలే విలేఖరులగుట.

తలిదండ్రులు విచారింపవలసినవి

అట్లని కుమార్తెను కన్నులు మూసికొని ఈ చదువునకు పంపుడని నేననను. మంచి చెడ్డలు రెండును ముందుగా తెలియుట మేలు.

ఈ వృత్తిలో రాత్రిపని కలదు. జిల్లాలలో పత్రికలకు వార్తలు పంపు చిన్న విలేఖరులకు జీతము స్వల్పము. పెక్కుచోట్ల అచ్చయిన కొలతను బట్టి యిచ్చు ప్రతిఫలమే గాని నెలజీతముండదు. స్త్రీలు తక్కువగానుండుటచే ఆరంభమున ఒంటరితనము తోచును. అయితే ఈ చదువునకు దినపత్రిక యొక్కటే గమ్యము గాదు. ఆకాశవాణి, ఆస్పత్రులు, పాఠ్యపుస్తకరచన, ప్రభుత్వ పౌరసంబంధశాఖ, స్వచ్ఛందసంస్థలు, అధ్యాపకత్వము – ఇన్ని దారులు గలవు.

శాఖను ఎన్నుకొనునపుడు భవనములను చూచి మురియరాదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవులు ఖాళీగానుండి, తాత్కాలికోపాధ్యాయులతో తరగతులు గడచుట వినని సంగతి గాదు. కావున ఈ నాలుగు ప్రశ్నలు తప్పక యడుగవలయును. ఒకటి: శాఖలో స్థిరముగానున్న గురువులెందఱు, వారిలో ఎవరి విద్య యేది? అందఱును ఒక్కటే విషయము నెఱిగినవారైనచో, నలుగురు వంటవారును పులుసే కాచిన పెండ్లివలె నుండును. రెండు: ఆ గురువులు వ్రాసినదేమి, చేసినదేమి? మూడు: విద్యార్థులు తామే పత్రిక నచ్చువేయుటయో, రేడియో కార్యక్రమము చేయుటయో కలదా? ఈత నేర్పుటకు చెఱువు కావలయును గదా! నాలుగు: తెలుగులో వ్రాయుట నేర్పుదురా? ఇంగ్లీషు రాకున్న దారులు కొన్ని మూసికొనుట నిజమే. తెలుగు రాకున్నచో మన గుంతకల్లు మాట వ్రాయువారే లేకపోవుట అంతకంటె నిజము. చేరికలు ఆ యేడు కలవో లేవో, వసతిగృహము స్త్రీలకు క్షేమకరమైనదో కాదో విచారించుట చెప్పనక్కఱలేదు.

ఇంటిలోనే యభ్యసింపదగిన విద్య

అందఱు తల్లులును విశ్వవిద్యాలయమునకు పోజాలరు. పోనక్కఱయులేదు. ఆ గురువులు నేర్పు విద్యలో ఒక పిడికెడు మన యింటిలోనే యభ్యసింపవచ్చును. ఫోనులో వచ్చిన యే సందేశమునైనను మఱియొకరికి పంపకముందు ఇట్లు తలపోయుడు: దీనిని మొదట చెప్పినదెవరు? వారు చూచిరా, వినిరా? ఏనాటి సంగతి ఇది? ఇది అబద్ధమైనచో ఎవరికి కీడు? ఈ నాలుగును తలపోయుటకు బియ్యము కడుగునంత సేపు పట్టదు. పిల్లలెత్తుకొనిపోవువారు వచ్చిరను వదంతిని నమ్మి 2018లో దేశమున పలుచోట్ల నిరపరాధులను కొట్టి చంపిరి. ఆ సందేశములను పంపినవారు పిల్లలపై ప్రేమచేతనే పంపియుందురు. విచారింపని ప్రేమ యెంతటి కీడు చేయునో యిది నిదర్శనము.

మఱియొక యభ్యాసమును గలదు. మీ వీథిలో వారముల తరబడి నీరు రానిచో, “నీళ్లకు మహాకష్టముగా నున్నది” అని నిట్టూర్చుటతో నాపక, నీరు వచ్చిన దినములను గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుడు. ఎంతసేపు వచ్చినదో వ్రాయుడు. నెల ముగియగనే నలుగురు ఇల్లాండ్రు ఆ లెక్కను జతపఱచి మునిసిపాలిటీకొక యర్జీని, పత్రికకొక జాబును పంపుడు. 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టమున ప్రశ్నించు నధికారము గృహిణికిని కలదు. కొలిచిన మాటకు బరువెక్కువ యని మొదటి గురువు చెప్పిన పాఠమిదియే.

హంపన్న ఆనాడు వాకిట నిలిచి ఇద్దఱు స్త్రీలను కాచెను. కేశవపిళ్ళగారు ఆ సంగతిని వ్రాసి లోకమునకు చాటిరి. కాని ఆ యిద్దఱు స్త్రీలు తమ కథను తాము చెప్పుకొనగా మనము వినలేదు. వారి మాట నడిగి వ్రాసికొనవలెనని ఆ కాలమున ఎవరికిని తోపలేదు. నేడు వ్రాయుట నేర్పు గురువులు గలరు, నేర్చుటకు బాలికలు గలరు, చదువుటకు మీరు గలరు. ఇక వారి మాట మాసిపోవలసిన పనిలేదు. మీ యింట “నేను వార్తలు వ్రాసెదను” అను బాలిక యున్నచో, ఆమెను కాదనుటకు ముందు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను విచారింపుడు. సమాధానములు తృప్తికరములైనచో, ఆశీర్వదించి పంపుడు.